పేరు గడిలో ఏ అక్షరాలను రానివ్వాలి?

అమెరికాలో పేరోల్, బీమా, ఆస్పత్రి రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ రాసే టీముల్లో తెలుగువాళ్లకు కొదవ లేదు. అయినా ఆ ఫారాలు మన పేర్లనే తిప్పికొడుతుంటాయి. చాలాసార్లు కారణం ఒక్క లైను: పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఇజ్‌ఆల్ఫా అనే ఫంక్షన్ పెట్టి, అన్నీ అక్షరాలేనా అని చూసి వదిలేయడం.

ఇజ్‌ఆల్ఫా ఖాళీని, చుక్కను, హైఫన్‌ను ఒప్పుకోదు. 'కె. వి. రమణమూర్తి'ని ఇంగ్లిషులో రాసినా మొదటి చుక్కకే పని అయిపోతుంది. తెలుగు లిపిలో ఇస్తే ఇంకా విచిత్రం: 'కమల' పాస్, 'విమల' ఫెయిల్. యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే ప్రమాణం) లెక్కలో వ అక్షరమే గానీ దాని మీది గుడి 'మార్క్' వర్గానికి చెందుతుంది. పొల్లూ అంతే. పైథాన్ రెజెక్స్‌లో (అక్షరాల నమూనాలు రాసే పద్ధతి) 'పదంలో వచ్చే అక్షరం' అని అర్థమిచ్చే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ కూడా వీటిని పట్టుకోదు. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని కేటగరీ ఫంక్షన్‌తో ఒక్కో క్యారెక్టర్ వర్గం తీసి, అది ఎల్‌తోనో (లెటర్) ఎమ్‌తోనో (మార్క్) మొదలవుతుందేమో చూడాలి. 'రాజ్‌కుమార్'లో జ్ తర్వాత కంటికి కనపడని నాన్-జాయినర్ ఒకటి ఉంటుంది. దాని వర్గం వేరు కనుక విడిగా అనుమతించాలి.

చెక్ చేసే ముందే ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్, అంటే విడివిడిగా వచ్చిన అక్షరాన్నీ మార్క్‌నూ వీలైనచోట ఒకటిగా కలపడం, చేయాలి. లేకపోతే స్పానిష్ పేరులోని యాక్సెంట్ విడి మార్క్‌గా వచ్చి ఇజ్‌ఆల్ఫా దగ్గర చిక్కుకుంటుంది. ఫోన్‌లో కొట్టిన అపాస్ట్రఫీ తరచూ వంపు తిరిగినది వస్తుంది. ఐరిష్ పేర్ల కోసం రెండు రకాలనూ తీసుకోవాలి. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (గడిలో డేటాబేస్ ఆదేశాలు దూర్చే దాడి) భయంతో అపాస్ట్రఫీని నిషేధించేవాళ్లున్నారు. ఆ దాడికి మందు పారామీటర్ బైండింగ్ (విలువను ఆదేశంలో కలపకుండా విడిగా పంపడం), జనం పేర్లు కోయడం కాదు.

రెజెక్స్‌తో రాస్తే మూడు గుంటలు. పెద్ద ఏ నుంచి చిన్న జెడ్ వరకూ ఒకే రేంజ్ ఇస్తే మధ్యలోని 6 గుర్తులు, అండర్‌స్కోర్‌తో సహా, లోపలికొస్తాయి. హైఫన్‌ను బ్రాకెట్ మొదట్లోనో చివరో పెట్టకపోతే అది రేంజ్ గుర్తైపోవచ్చు. చివర డాలర్ గుర్తు పెట్టినా పైథాన్ మ్యాచ్ ఫంక్షన్ చివర ఒక న్యూలైన్‌ను రానిచ్చేస్తుంది, ఫుల్‌మ్యాచ్ వాడండి. అనుమతించిన వాటిని సెట్‌లో పెట్టి పోల్చే పద్ధతి సులువే, కానీ ఖాళీ స్ట్రింగ్ అందులో పాసైపోతుంది. నిడివి విడిగా చూడక తప్పదు.

సోషల్ సెక్యూరిటీ నంబరుకు ఇజ్‌డిజిట్ ఒక్కటే చాలదు. అది '౧౨౩'కీ, స్క్వేర్ గుర్తుగా పైన రాసే చిన్న రెండుకీ 'అవును' అంటుంది. ఇంగ్లిషు కీబోర్డు గుర్తులేనా అని చూసే ఇజ్‌ఆస్కీ కూడా జతచేసి, నిడివి 9 అని చూడాలి.

నిడివి దగ్గర ఇంకో చిక్కు. 'శ్రీ' చూడటానికి ఒక్కటే. కానీ యూనికోడ్ నంబర్లు (కోడ్ పాయింట్లు) 4, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు. డేటాబేస్ కాలమ్ పరిమితి బైట్లలో ఉంటే పేరు మధ్యలో తెగుతుంది.

ఇంటి పేరు, పేరు రెండూ తప్పనిసరి చేయడం మరో పొరపాటు. పాస్‌పోర్ట్‌లో ఒకే పేరున్నవాళ్లకు అమెరికా వీసాలో పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. దాన్నే పేరనుకుని నమోదు చేసే సిస్టమ్‌లు ఉన్నాయి.

నచ్చని గుర్తును చడీచప్పుడు లేకుండా తీసేసి సేవ్ చేయొద్దు. డబ్ల్యూ-2 (ఏటా ఇచ్చే జీతం, పన్ను వివరాల ఫారం) మీద పేరు సోషల్ సెక్యూరిటీ కార్డుతో కలవాలి. 'చెల్లని పేరు' అనకుండా, ఎన్నో స్థానంలో ఏ గుర్తు కుదరలేదో చెప్పండి. సీ భాషలో ఎస్‌టీఆర్‌స్పాన్ ఫంక్షన్ తిరిగిచ్చే సంఖ్య, ఇంగ్లిషు అక్షరాలకైతే, సరిగ్గా ఆ స్థానమే, లెక్క సున్నా నుంచి.