మూజువాణి ఓటు: స్పీకర్ చెవికి తోచిన లెక్క

"మూజువాణి ఓటుతో బిల్లుకు ఆమోదం" అని పేపర్లో పడితే, అటెంతమంది ఇటెంతమంది అని వెతక్కండి. ఆ అంకె ఎక్కడా ఉండదు. స్పీకర్ ప్రశ్న పెడతారు. ఒప్పుకున్నవాళ్లు "అవును" అని, ఒప్పుకోనివాళ్లు "కాదు" అని అరుస్తారు. వినబడ్డదాన్నిబట్టి స్పీకర్ "అవునన్నవారే ఎక్కువని తోస్తోంది" అంటారు. ఎవరూ కాదనకపోతే అదే మాట ఖాయంగా రెండుసార్లు చెప్పి ముగిస్తారు.

"తోస్తోంది" అన్న దగ్గరే అడ్డుపడాలి. లోక్‌సభ 367వ నిబంధన ప్రకారం ఎవరైనా అభ్యంతరం చెబితే సభను ఆనుకుని ఉండే లాబీలు ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాలయ్యాక అదే ప్రశ్న మళ్లీ పెడతారు. మొదటిసారి అరిచి ఊరుకుంటే పని జరగదు, రెండోసారీ అభ్యంతరం చెప్పాలి. అప్పుడే డివిజన్, అంటే మెషీన్ మీద ఓటు. సభ్యులు ఓటు స్విచ్చినీ, పచ్చ (అవును), ఎరుపు (కాదు), పసుపు (ఎటూ కాదు) బటన్లలో ఒకదాన్నీ కలిపి నొక్కి, రెండో గంట మోగేదాకా పది సెకన్లు పట్టుకోవాలి. ముందే వదిలేస్తే ఓటు పడదు. బోర్డు మీది అంకెను "దిద్దుబాట్లకు లోబడి" అని ప్రకటించేది అందుకే.

డివిజన్ అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్‌కి అనిపిస్తే, ఇరువైపులవాళ్లనీ ఉన్నచోటే లేచి నిలబడమని తలలు లెక్కపెట్టిస్తారు. అంకె తేలుతుంది గానీ పేర్లు రికార్డుకెక్కవు. కొందరికి కావలసిందీ అదే!

ఎక్కువ గొడవలు వెల్‌లోకి, అంటే అధ్యక్షస్థానం ముందున్న ఖాళీ జాగాలోకి, దూకడంతోనే వస్తాయి. బటన్ ఉండేది సీటు దగ్గర. 2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులు మూజువాణితో గట్టెక్కాయి. డివిజన్ అడిగామని ప్రతిపక్షం, సీట్లలోంచి అడగలేదని అధ్యక్షస్థానం. ఆ హోరులో గొంతుల్ని తూచగలిగారంటే నాకైతే నమ్మబుద్ధి కాదు.

మన విభజన బిల్లుదీ ఇదే కథ. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దాన్ని తిరస్కరించిందీ మూజువాణితోనే, ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించిందీ మూజువాణితోనే. మూడుచోట్లా ఎవరు ఎటు నిలబడ్డారో పేరుపేరునా చూపే పట్టిక లేదు. రాజ్యాంగ సవరణకు మాత్రం ఈ పద్ధతి కుదరదు. మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు ఉన్నారని చూపాలంటే అంకెలే కావాలి.

లోక్‌సభలో అవిశ్వాస తీర్మానానికి ఇంకో మెట్టుంది. చర్చకు తీసుకోవాలంటే ముందు 50 మంది తమ చోట్లలో లేచి నిలబడాలి. 2018 మార్చిలో వైఎస్సార్‌సీపీ, టీడీపీ నోటీసులిచ్చాయి. వేరే పార్టీలవాళ్లు వెల్‌లో ప్లకార్డులు పట్టుకుని ఉంటే, సభ సర్దుకోనిదే తలలు లెక్కపెట్టలేనని స్పీకర్ వాయిదా వేస్తూ పోయారు. ఆ సమావేశాలు అలాగే ముగిశాయి. చివరికి జూలై 18న టీడీపీ తీర్మానానికి 50 మంది లేచారు. 20న ఓటింగ్‌లో అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325.