ఒడిశా రాయగడలో అసలు జాతి కోడిగుడ్లు ఎంచి, కొని, పొదిగించిన తీరు

గుడ్డు చూసి జాతి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఫలానా జాతిది కాదని తీసిపారేయడం మాత్రం కొంతవరకు కుదురుతుంది. 60 గ్రాముల ముదురు గోధుమరంగు గుడ్లు చూపించి పందెం జాతి అసీల్‌వి అంటే నమ్మకండి. అవి గ్రామప్రియలాంటి గుడ్ల రకానివై ఉంటాయి. అసీల్ గుడ్డు అంతకంటే చిన్నది, పెంకు లేత గోధుమరంగు. సున్నంలా తెల్లగా ఉంటే తెల్లగుడ్ల ఫారం జాతి లెగ్‌హార్న్ రక్తం కలిసిందేమో అనుమానించాలి. ఒళ్లంతా నల్లగా ఉండే కడక్‌నాథ్ కోడి గుడ్డు పెంకు కూడా లేత గోధుమరంగే. ‘కడక్‌నాథ్ నల్ల గుడ్డు’ అని ఎవరైనా బేరం పెడితే అక్కడినుంచి వచ్చేయడమే. అందుకే నేను ధర అడగకముందే, ఆ గుడ్లు పెట్టిన పెట్టలనూ వాటితో తిరిగే పుంజునూ చూపించమన్నాను. చూపించని చోట కొనలేదు.

బుధవారం చాటికోన సంతలోనూ, చుట్టుపక్కల సంతల్లోనూ నాటుకోళ్లు బాగా వస్తాయి. కోళ్లను చూడటానికి సంత మంచిదే, పొదిగించే గుడ్లకు మాత్రం పనికిరాదు. నాలుగిళ్ల గుడ్లు ఒకే బుట్టలో కలిసిపోతాయి, ఏది ఎప్పుడు పెట్టిందో తెచ్చినవాళ్లకే తెలియదు. ఎండలో నడిచి వచ్చిన గుడ్డు సగం ఖాళీ అయినట్టే. ఇక కిరాణా కొట్టు గుడ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఫారంలో పుంజే ఉండదు, పిల్ల ఎక్కడినుంచి వస్తుంది?

డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల, రసంగి అని మనం పిలిచేవన్నీ ఈకల రంగులు. మామూలు నాటుకోడికీ ఆ రంగులు వస్తాయి. పందెం ధర పలికే పుంజైనా జాతిపుంజు కావాలని లేదు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నమోదు చేసిన జాతులలో అసీల్ ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రలది. డంకి, కాళహస్తి ఆంధ్రవి, హంస్లి ఒడిశాది, కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌ది. మా రాయగడ వైపు నికార్సయినవి దొరికే అవకాశం ఉన్నవి అసీల్, విజయనగరం వైపునుంచి వచ్చే డంకి. వనరాజా, గ్రామప్రియ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన సంకర రకాలు. పెరట్లో పెంచడానికి అవి చాలా మంచివి, కానీ వాటి గుడ్లను ఇంట్లో పొదిగిస్తే పిల్లలు తల్లిలా రావు, తలా ఒక తీరుగా వస్తాయి. వాటి పిల్లలు కావాలంటే ప్రతిసారీ సంస్థనుంచో, ప్రభుత్వ హేచరీనుంచో తెచ్చుకోవాలి.

అసీల్‌ను చూసేటప్పుడు నేను తలనుంచి మొదలుపెడతాను. తురాయి రంపంలా నిలబడకూడదు. మూడు చిన్న వరుసలుగా, బఠాణీ గింజల్లా నెత్తికి అతుక్కుని ఉండాలి. అది ఒక్కటీ చాలదు. ఆ లక్షణం ఒక తరం సంకరంలోనూ కనిపిస్తుంది, కాకపోతే తురాయి కాస్త పెద్దదై, మధ్య వరుస లేచి, పక్కకి ఒరుగుతుంది. గొంతు కింది తమ్మెలు దాదాపు లేనట్టుండాలి. సంకరం ముందు అక్కడే బయటపడుతుంది, ఎర్రగా వేలాడే తమ్మెలుంటే ఆ పెట్ట గుడ్లు వద్దు. కనుబొమ ఎముక ముందుకు పొడుచుకుని ఉంటుంది. మెడ పొడవు, నిలువు ఠీవి, రెక్కల దగ్గర ఎత్తయిన భుజాలు, వెనక్కి వాలిన వీపు, కిందికి దిగిన తోక. ఈకలు తక్కువ, గట్టివి, ఒంటికి అంటిపెట్టుకుని ఉంటాయి. రొమ్ము ఎముక మీద ఎర్రటి చర్మం కనబడటం లోపం కాదు. చేత్తో ఎత్తితే చూపుకంటే బరువు ఎక్కువ తేలాలి. మెత్తటి ఈకలతో బొద్దుగా కనిపించి, చేతికి తేలిగ్గా వస్తే అది వేరే కోడే.

కడక్‌నాథ్‌లో మోసం ఎక్కువ. నల్లగా ఉంటే చాలు అదే అనుకుంటాం కాబట్టి. నలుపు రెండు జన్యువుల మీద నడుస్తుంది. ఒకటి చర్మం, ఎముకల పొరల దాకా నల్లదనాన్ని నింపుతుంది. రెండోది ఆ నలుపును అడ్డుకునేది. మన మామూలు కోళ్లలో చాలావాటికి అది ఉంటుంది, కడక్‌నాథ్‌కు ఉండదు. పైగా అది లింగాన్నిబట్టి సంక్రమిస్తుంది. కాబట్టి కడక్‌నాథ్ పుంజును అలాంటి మామూలు పెట్ట మీద వేస్తే పుట్టే పెట్టపిల్లలు నల్లగానే వస్తాయి, పుంజుపిల్లల నలుపు తేలిపోతుంది. ఇలా పుట్టిన నల్ల పెట్టలే అసలువాటి పేరుతో అమ్ముడుపోతున్నాయి. పెట్టలన్నీ నల్లగా ఉండి, వాటి అన్నదమ్ములు బూడిదరంగులోనో ఎర్ర ముఖంతోనో ఉన్నాయంటే ఆ గుంపు సంకరం. తోబుట్టువులైన పుంజులు కూడా చూపించమని అడగడం అందుకే. నాలుక, నోటి లోపలి భాగం, అరికాళ్లు, తురాయి ఊదా నలుపులో ఉండాలి. వేళ్లు నాలుగే ఉండాలి, ఐదుంటే సిల్కీ అనే విదేశీ జాతి కలిసింది. 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కడక్‌నాథ్‌కు. మాకు అది దూరం. ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ వైపు దంతెవాడ, కాంకేర్‌లలో కడక్‌నాథ్ పెంపకం ఉంది, అటువైపు అడగడం తేలిక.

కోళ్లు నచ్చాక అసలు ప్రశ్న వస్తుంది: ఆ గుడ్డుకు తండ్రి ఎవరు? మా వైపు మంచి పుంజును తాడుతో గుంజకు కట్టి, బాదం పప్పు పెట్టి మేపుతారు. పెట్టలేమో వీధిలో తిరుగుతాయి. కట్టేసిన పుంజు చూపించి అమ్మే గుడ్డుకు తండ్రి పక్కింటి పుంజు కావచ్చు. పెట్ట కడుపులో పుంజు వీర్యం రెండు మూడు వారాలు నిలవ ఉంటుంది. అందుకని పెట్టలను వేరే పుంజులనుంచి విడదీసి, కావలసిన పుంజుతో మూసిన ఆవరణలో మూడు వారాలు ఉంచాకే గుడ్లు ఏరాలి. నేను అమ్మేవారితో ముందే ఈ మాట మీద ఒప్పందం చేసుకుని, బయానా ఇచ్చి, ఆ తర్వాతి గుడ్లే తెచ్చుకున్నాను. అసీల్ అయితే ఒక పుంజుకు ఐదారు పెట్టలు మించకూడదు. అసీల్ పెట్ట గుడ్లు తక్కువ పెడుతుంది, ఒక విడతలో పది పన్నెండు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. నాలుగు అసీల్ పెట్టలున్న మనిషి వారానికో అట్ట ట్రే ఇస్తానంటే లెక్క కుదరదు.

కొనేటప్పుడు రెండు గుడ్లకు డబ్బిచ్చి అక్కడే పళ్లెంలో పగలగొట్టించాను. పచ్చసొన మీద తెల్లచుక్క చిన్నదై, గట్టిగా, అంచు చెదిరినట్టుంటే పుంజు కలవలేదు. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున, మధ్యలో పలచనై చుట్టూ వలయంలా ఉంటే కలిసింది. రెండూ ఖాళీ అయితే ట్రే తీసుకోవద్దు. ఇంకో మాట: తెల్ల పారుడు రోగం తల్లినుంచి గుడ్డు ద్వారా పిల్లకు వస్తుంది. ఆ ఇంట్లో వారం లోపు పిల్లలు తెల్లగా పారి చస్తున్నాయని తెలిస్తే జాతి ఎంత గొప్పదైనా వదిలేయాలి.

ఏడు రోజులకంటే పాతవి వద్దు. పెన్సిల్‌తో పెట్టిన తేదీ రాయమనండి. కడిగిన గుడ్డు, బీటువారినది, రెండు సొనలది, మరీ గుండ్రటిది పక్కన పెట్టాలి. కడిగితే పెంకు మీది పొర పోయి క్రిములు లోపలికి దిగుతాయి. నిలవకు 15 నుంచి 18 డిగ్రీలు సరైనది. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఎండాకాలం తడి ఇసుక పోసిన వెడల్పాటి మట్టికుండలో ఇంకో కుండ దించి, అందులో ఉంచితే కొంత నయం. 27 డిగ్రీలు దాటితే పిండం సగం సగంగా ఎదగడం మొదలై చచ్చిపోతుంది. గుణుపురం, రాయగడ ఎండలకు మార్చి దాటాక కొనకపోవడమే మేలు. నవంబరునుంచి ఫిబ్రవరి దాకా సరైన కాలం, కోరాపుట్ మెట్టప్రాంతంలో మాత్రం చలి రాత్రుల్లో గూట్లోనే చల్లబడకుండా రోజుకు మూడు నాలుగు సార్లు ఏరించాలి.

దారిలో కుదుపు అసలు శత్రువు. పార్వతీపురం, బొబ్బిలి వైపునుంచి అయితే రైలే మంచిది. ఘాట్ రోడ్డు బస్సు తప్పనప్పుడు అట్ట ట్రే కింద, పైన, పక్కల ఊక నింపి, వెడల్పు కొన పైకి ఉండేలా పెట్టెలో దించి, ఒళ్లో పెట్టుకోవాలి. బండి క్యారియర్ మీద కట్టొద్దు. కుదుపుకు గుడ్డు వెడల్పు కొనలోని గాలి అర ఊడిపోతే టార్చి వెలుగులో నీటి బుడగలా అటూ ఇటూ కదులుతుంది, అలాంటి గుడ్డులో పిల్ల ఎదిగినా చాలాసార్లు బయటికి రాలేదు. ఇంటికి తెచ్చాక ఒక పగలూ రాత్రీ కదపకుండా ఉంచి, అప్పుడు పొదుగుకు పెట్టాను.

అసీల్ పెట్ట బరువుకు గుడ్లు చిట్లవచ్చు. ఒళ్లు తేలికైన నాటుపెట్ట కింద పదో పన్నెండో పెట్టడం భద్రం, అదీ చీకటి పడ్డాక, పేలమందు చల్లి. మిగిలినవి ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీల దగ్గర, తేమ 50–55 శాతం, 18వ రోజుదాకా తిప్పుతూ, ఆపైన తిప్పడం మాని తేమ 65–70కి పెంచి ఉంచాను. కరెంటు పోయినప్పుడు మూత తెరవకుండా దుప్పటి కప్పడమే మందు, గాలి రంధ్రాలు మాత్రం మూయకూడదు.

ఏడో రోజున టార్చి వేసి చూస్తే తప్పెవరిదో తెలిసిపోతుంది. చాలా గుడ్లు ఖాళీగా ఉంటే పుంజులోనో, అది పెట్టలతో జత కట్టడంలోనో లోపం. ఎర్రటి రక్తవలయాలు ఎక్కువైతే నిలవలో, దారిలో చెడ్డాయి. ఆ లెక్క అమ్మినవారికి ఫొటోతో పంపితే మళ్లీసారి బేరానికి పనికొస్తుంది. ప్రయాణం చేసిన గుడ్లలో సగం పొదిగితే బాగా వచ్చినట్టే అనుకుని ధర లెక్కేసుకోవాలి.

పుట్టిన పిల్లల కాళ్లకు రంగు దారాలు కట్టి, ఏ పెట్ట గుడ్డో రాసి ఉంచాను. వారం దాటకుండా కొక్కెర తెగులుకు లసోటా టీకా వేశాను. అసీల్ పిల్లకు తురాయి వరుసలు మొదటి రోజునుంచే లీలగా తెలుస్తాయి. తమ్మెలు, నిలువు, ఈకల గట్టిదనం తేలడానికి నెలలు పడుతుంది, అందాకా ఏదీ అమ్మను. వీటి మీదికి వచ్చే ఏడు కావలసిన పుంజును ఇదే గుంపునుంచి తీసుకోకుండా, వేరే ఊరి మేలుజాతి గుంపులో ఇప్పుడే చెప్పి ఉంచాను.