పెంకు ఎవరు పగలగొట్టాలి?

ఐవీఎఫ్‌లో, అంటే ల్యాబ్‌లో పిండం తయారుచేసే వైద్యంలో, అండాలు బయటికి తీసే ఎగ్ పికప్ అయిన మూడో రోజుకి వదులు నైటీ కూడా పొట్ట దగ్గర బిగుసుకుపోయింది. నాకు పీసీఓఎస్ అనే అండాశయాల హార్మోన్ సమస్య ఉంది. ఇంజెక్షన్లకి అండాశయాలు ఒక్కసారిగా రెచ్చిపోయాయి, 24 అండాలొచ్చాయి. మొదట సంబరపడ్డాం. తర్వాత వాంతులు, ఆయాసం, మూత్రం సరిగా రాకపోవడం. కడుపులో నీరు చేరిందన్నారు. రాజమండ్రి ఆస్పత్రిలో నాలుగు రోజులున్నాను. పొద్దున్నే బరువు చూసేవారు, నడుముకి టేపు పెట్టి కొలిచేవారు. మా ఆయన అమలాపురం వైపు నుంచి కొబ్బరి బోండాలు మోసుకొచ్చేవారు. కోనసీమ మనిషికి వెంటనే తోచే వైద్యం అదే మరి.

ఈ స్థితిలో గర్భం వస్తే అప్పుడు పుట్టే హార్మోనుకి ఉబ్బు ఇంకా ముదురుతుందని డాక్టరమ్మ గారు వెంటనే ట్రాన్స్‌ఫర్, అంటే పిండాన్ని గర్భాశయంలో పెట్టడం, చెయ్యలేదు. ఐదారు రోజులు పెరిగి బ్లాస్టోసిస్ట్ అనే దశకి చేరిన ఐదు పిండాల్నీ మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచారు. నేను మామూలు మనిషినవడానికి రెండు వారాలు పట్టింది.

మూడు నెలల తర్వాత మొదటి ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్. ఆ రోజే "లేజర్ హేచింగ్ చేయిస్తారా?" అని అడిగారు. పిండం చుట్టూ సన్నని పొర ఉంటుంది. దాన్ని చీల్చుకుని బయటికొస్తేనే గర్భాశయం గోడకి అతుక్కుంటుంది. ఫ్రీజ్ చేస్తే ఆ పొర గట్టిపడుతుందేమో అని ఒక అనుమానం, అందుకని లేజర్‌తో చిన్న కంత పెడతారు. ఎనిమిది వేలు అదనం. అంత ఖర్చుపెట్టి ఇక్కడ పిసినారితనమేంటని సంతకం పెట్టేశాం.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య మొహం అదోలా పెట్టారు. ఆవిడ పెరట్లో కోళ్లని పొదిగించిన మనిషి. "పిల్ల తనంతట తాను పొడుచుకుని రావాలి గానీ, తొందరపడి మనం పెంకు ఒలిస్తే రక్తం కారుతుంది అమ్మాయ్" అన్నారు. నాకు ఒళ్లు మండింది. కోడిగుడ్డూ ఇదీ ఒకటేనా?

ఆ పిండం నిలవలేదు.

ఏడుపు తగ్గాక డాక్టరమ్మ గారిని నిలదీశాను. ఆవిడ దాచలేదు. హేచింగ్ వల్ల గర్భం నిలిచే అవకాశం కొంచెం పెరగొచ్చని కొన్ని పరిశోధనలు, ఏ తేడా లేదని మరికొన్ని. బిడ్డ చేతికొచ్చే అవకాశం పెరుగుతుందని గట్టిగా తేలలేదట. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలైతే దీన్ని సిఫార్సు చెయ్యవట. ఒకే పిండం రెండుగా చీలి కవలలయ్యే అవకాశం కాస్త పెరగొచ్చట కూడా. ఈ మాటలు సంతకానికి ముందు చెప్పి ఉంటే బాగుండేది. క్రోమోజోముల్లో లోపం ఉన్న పిండానికి ఎన్ని కంతలు పెట్టినా లాభం లేదని కూడా అప్పుడే అర్థమైంది.

రెండోసారి లేజర్ వద్దన్నాం. ఆగస్టు నెల. ధవళేశ్వరం దగ్గర గోదారి 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మా లంకకి కాజ్‌వే మునిగితే పడవే గతి. గర్భాశయాన్ని సిద్ధం చేసే ప్రొజెస్టెరాన్ మందు మొదలుపెట్టాక ట్రాన్స్‌ఫర్‌కి మాకు చెప్పింది ఆరో రోజు. గోదారి తీసేదాకా ఆగుతానంటే గర్భాశయం ఆగదు కదా! రెండు రోజుల ముందే బ్యాగు సర్దుకుని కడియంలో పిన్నిగారింట్లో దిగాం.

ల్యాబ్‌లో గడ్డకట్టిన పిండాన్ని కరిగించిన కొన్ని గంటలకి ఎంబ్రియాలజిస్టు ఫోటో చూపించింది. అచ్చం 8 అంకె. సగం లోపల, సగం బయట. "తనే వచ్చేస్తోంది మేడమ్" అంది. ఆ ఫోటో ఫోన్లో ఎన్నిసార్లు పెద్దది చేసి చూసుకున్నానో.

మంచం దిగొద్దని అత్తయ్య, అక్కర్లేదని డాక్టరమ్మ. నేను మధ్యేమార్గంగా వీధి అరుగు మీద కూర్చుని, గట్టు అవతల ఎర్రనీళ్లు చూస్తూ పది రోజులు గడిపాను. ఆ టెన్షన్‌కి ఏ మందూ లేదు. రక్తపరీక్షలో పాజిటివ్. స్కాన్‌లో ఒక్కటే గుండె చప్పుడు.

పాపకిప్పుడు పది నెలలు. "చూశావా, దానంతట అది వచ్చింది కాబట్టే నిలిచింది" అంటారు అత్తయ్య. నేను తలూపుతాను గానీ నమ్మను. మొదటి దానికి కంత పెట్టినందుకే పోయిందనడానికీ ఆధారం లేదు. రెండు పిండాలతో ఏం తేలుతుంది?

మొన్న ఆస్పత్రి నుంచి మెసేజ్ వచ్చింది, దాచినందుకు ఈ ఏడాది ఫీజు కట్టమని. ఇంకా మూడున్నాయి. మన చట్టం ప్రకారం పదేళ్ల వరకే ఉంచుతారు. మా ఆయన నన్ను అడక్కుండానే కట్టేశారు. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు.