టక్కున ఊడింది

డీఎన్ఏని లాగే బలం చూపించే గ్రాఫ్ మెల్లగా ఎక్కుతూ ఎక్కుతూ టక్కున ఒక మెట్టు దిగింది. "ఊడిందక్కా!" అని పక్కనున్న జూనియర్ అరిచేసింది. ఏసీ గాలికి కూడా సిగ్నల్ ఊగుతుందని ఆపేశాం, ఇద్దరం చెమటలు కక్కుతున్నాం.

ఊడింది న్యూక్లియోజోమ్ లోపలి చుట్టు. న్యూక్లియోజోమ్ అంటే ఇదే: హిస్టోన్ అనే ప్రోటీన్ల ముద్ద మీద 147 బేస్ జతల పొడవు డీఎన్ఏ, బొంగరానికి తాడు చుట్టినట్టు, రెండు చుట్లకి కాస్త తక్కువగా ఉంటుంది. ఆ డీఎన్ఏ పోగు రెండు చివరలా చిన్న పూసలు తగిలించి, లేజర్ వెలుగుతో పట్టుకుని లాగుతాం.

బయటి చుట్టుది పెద్ద పట్టు కాదు, 3 నుంచి 5 పికోన్యూటన్లకే (న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు బలం ఒక పికోన్యూటన్) వదిలేస్తుంది. లోపలిది మొండి ఘటం. ఒక్కోసారి 15 దాటినా కదలదు. వదిలిందా, ఒక్క ఊపున దాదాపు 25 నానోమీటర్లు!

నాకు ముచ్చటేసేది ఇంకొకటి. జన్యువుని చదువుతూ వచ్చే పాలిమరేజ్ అనే ఎంజైమ్ ఈ చుట్టుని మాలాగా లాగి పీకదు. అడ్డం తగిలితే ఆగుతుంది. డీఎన్ఏ తనంతట తాను కాస్త వదులైనప్పుడు చప్పున ముందుకు జరుగుతుంది. మన ఆర్టీసీ బస్సెక్కే టెక్నిక్కే, కాకపోతే తోపులాట లేదు.

రేపు ఎసిటైలేషన్ చేసిన, అంటే ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్క తగిలించిన, హిస్టోన్లతో లాగాలి. అవి ఇంత సతాయించవు.