వరద బియ్యంలోంచి ఒక పిడికెడు

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటిందని టీవీలో చెబుతుంటేనే మా లంకలో అందరికీ అర్థమైపోయింది, ఈసారి గట్టెక్కాల్సిందేనని. గేదెను ముందురోజే ఏటిగట్టు మీదకి తోలేశాం. అత్తయ్యగారిని నాటుపడవలో కూర్చోబెట్టుకుని మేం బయటపడేసరికి అరుగు మునిగిపోయింది.

ఎకరంన్నర అరటితోట మాది. మాదంటే కౌలు. గెలలు ఇంకో నెలలో కోతకొచ్చేవి. ఆరు రోజులు నీళ్ళు నిలిచాయి. తిరిగొచ్చి చూస్తే చెట్లు నిలబడే ఉన్నాయి, నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన వెళ్ళి ఒక చెట్టును చేత్తో నెట్టారు. అంతే, మొదలంటా ఒరిగిపోయింది. "దుంప కుళ్ళిపోయిందే" అని అక్కడే బురదలో చతికిలబడ్డారు.

కౌలు కార్డుకి రైతు, అంటే భూమి యజమాని, సంతకం పెట్టలేదు కాబట్టి ప్రభుత్వం పంటలు నమోదు చేసే ఈ-పంటలో మా పేరు లేదు. పరిహారం లెక్క రాసుకున్నప్పుడు భూమి ఎవరి పేరునుందో వాళ్ళ పేరే రాసుకున్నారు. మాకొచ్చింది వరద సాయం: 25 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, 2,000 రూపాయలు. పెట్టుబడికి తెచ్చిన అప్పు మాత్రం మా పేరునే ఉంది.

ఆ ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. "ప్రాణాలతో కాపాడినందుకు దేవునికి స్తోత్రం" అనాలి. నోరు పెగల్లేదు. కూర్చుండిపోయాను. చిన్నప్పట్నుంచీ చర్చిలో పెరిగినదాన్ని, ఆ ఒక్క మాట రాకపోయేసరికి నాకు విశ్వాసమే లేదేమోనని భయమేసింది.

సాయంత్రం పాస్టరమ్మగారు ఇంటికొచ్చారు. నాతోపాటు గోడకంటిన బురద కడుగుతూ, "స్తుతి రాకపోతే మొరపెట్టుకో అమ్మాయ్, అదీ ప్రార్థనే" అన్నారు. బైబిల్లో 88వ కీర్తన తీసి చదవమన్నారు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆ కీర్తన అయిపోతుంది. ఆ తర్వాత స్తుతి లేదు, హల్లెలూయ లేదు. ఇలాంటి మాటనీ దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడా అని ఆ రాత్రి బావురుమన్నాను. అప్పట్నుంచి రోజూ పడుకునేముందు దేవునితో ఉన్నదున్నట్టు చెప్పుకునేదాన్ని. అప్పు సంగతి, రైతు మీద కోపం, అన్నీ.

అలా ఉండగా ఒకరోజు, సండే స్కూల్లో కంఠతా పట్టిన వచనం మళ్ళీ కొత్తగా కనబడింది. "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి." దాన్ని ఇన్నేళ్ళూ "ప్రతిదానికీ థాంక్స్ చెప్పాలి" అని అర్థం చేసుకున్నాను. పౌలు థెస్సలొనీకయులకు రాసింది "విషయమునందును" అని. వరద వచ్చినందుకు కాదు, వరదలో ఉండగా. బైబిల్లోనే ఎఫెసీయులకు రాసిన ఉత్తరంలో "సమస్తమునుగూర్చి" అని కూడా ఉంది, ఆ మాట దగ్గర నేనింకా ఆగిపోతూనే ఉన్నాను. కానీ ఆ "అందు" నాకు కాలు మోపుకునే చోటిచ్చింది. దెబ్బలు తిని ఫిలిప్పీ చెరసాలలో పడ్డ పౌలు, సీల అర్ధరాత్రి పాడారే, అప్పటికి వాళ్ళ గాయాలు ఎవరూ కడగలేదు. చెరసాల నాయకుడు వాటిని కడిగింది ఆ పాట తర్వాతే.

మా సంఘంలో ఆడవాళ్ళం రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తాం. గురువారం స్త్రీల కూడికలో అందరివీ ఒకే సంచిలో పోస్తాం. ఏ ఇంట్లో గింజలు నిండుకున్నాయో పాస్టరమ్మగారికి తెలుసు, సంచి అక్కడికెళ్తుంది. వరదలో నా డబ్బా కొట్టుకుపోయింది. వరద సాయం బియ్యం మూట విప్పిన రోజున చెయ్యి దానంతటదే పిడికెడు తీసింది. ఎక్కడ వెయ్యాలో తెలియక ఓ గిన్నెలో పోసి మూత పెట్టాను. మనసులో ఏ సంతోషమూ లేదు. అయినా మర్నాడూ తీశాను, ఆ మర్నాడూ తీశాను. అత్తయ్యగారు చూసి, "మనకే చాలవు కదే" అన్నారు. "తెలుసత్తయ్యా" అన్నాను. రెండు రోజులు పోయాక ఆవిడే, "ఇవాళ తీశావా?" అని అడిగారు.

అక్టోబరుకి మా బియ్యం అయిపోయాయి. మా ఆయన రావులపాలెం అరటి మార్కెట్టుకి గెలలు లారీలకెత్తే పనికి వెళ్తున్నారు, కూలి అప్పు వడ్డీకే సరిపోయేది. ఎవరికీ చెప్పలేదు. ఆ గురువారం నేను కూడికకి వెళ్ళలేదు. చీకటిపడ్డాక పాస్టరమ్మగారు సంచి తెచ్చి గుమ్మంలో పెట్టి, "వందనాలమ్మా" అని, నన్నేమీ అడక్కుండా వెళ్ళిపోయారు.

చేటలో పోసి చూశాను. సన్నబియ్యం, రేషను దొడ్డుబియ్యం, అక్కడక్కడా ఉప్పుడుబియ్యం, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. మాలాగే మునిగిన ఇళ్ళ వాళ్ళవీ ఉన్నాయి అందులో. ఏ గింజ ఎవరింటిదో తెలియదు. చేట ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. మూడు నెలలుగా రాని ఆ మాట అప్పుడొచ్చింది. "స్తోత్రం తండ్రీ" అని గట్టిగానే అన్నట్టున్నాను, పక్కగదిలోంచి అత్తయ్యగారు "ఆమేన్" అన్నారు.

అవి వండితే ఉడుకు కుదరలేదు, కొన్ని మెత్తగా, కొన్ని పలుకుగా ఉన్నాయి. వాటిల్లోంచి కూడా ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి గిన్నెలో వేశాను.