పేరు రాయని కవరు

పదకొండున్నర దాటింది. పిల్లలు పడుకున్నారు, నాకే నిద్ర పట్టట్లేదు. మావయ్య ఇచ్చిన శుభలేఖ టీవీ స్టాండ్ మీద అలాగే ఉంది.

మావయ్య చాలాకాలంగా మా గడప తొక్కలేదు. ఇన్నాళ్లకి సాయంత్రం తనే వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని మంచినీళ్లు తాగాడు, మా ఆయనతో రెండు మాటలు మాట్లాడి లేచాడు. కవరు మీద నీలం ఇంకుతో మా ఆయన పేరు, పిల్లలిద్దరి పేర్లు ఉన్నాయి. నా పేరు లేదు.

అప్పట్నించీ ఆరవ పౌలు పోపుగారే గుర్తొస్తున్నారు. 1964 జనవరిలో ఆయన పవిత్రభూమి యాత్రకి వెళ్లారు. మెగిద్దో దగ్గర ఇజ్రాయెల్‌లో అడుగుపెడితే అధ్యక్షుడు షజార్ ఎదురొచ్చి స్వాగతం చెప్పాడు. అక్కడున్నది ఒక్కరోజు కూడా కాదు, అంతసేపూ ఇజ్రాయెల్ అన్న మాట పోపుగారి నోట రాలేదు. అప్పటికి వాటికన్ ఆ దేశాన్ని గుర్తించలేదు మరి. తర్వాత కృతజ్ఞతల టెలిగ్రామ్ కూడా టెల్ అవీవ్ చిరునామాకే పంపారు. షజార్ ఉండేదేమో యెరూషలేములో! చర్చి గురువులు రోజూ ఉదయం ప్రార్థనలో చెప్పుకునే, బైబిల్లోని జెకర్యా స్తోత్రం మొదలయ్యేదే 'ఇశ్రాయేలు దేవుడైన ప్రభువు' అని. ప్రార్థనలో రోజూ పలికే పేరు, ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఎందుకు పలకకూడదు? చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని ఊరంతా నా పేరు పెట్టి కేకలేసిన మనిషికి, కవరు మీద నాలుగక్షరాలు బరువయ్యాయా?

అంతకుముందు 1904లో, యూదులకి సొంత దేశం కావాలని ఉద్యమం నడిపిన హెర్జల్‌కి ఇంకా ఘోరం జరిగింది. యూదులు పాలస్తీనాకి తిరిగి వెళ్లడానికి మద్దతివ్వమని అడిగితే, "యూదులు మా ప్రభువును గుర్తించలేదు, కాబట్టి యూదు ప్రజను మేం గుర్తించలేం" అనేశారు పదవ పయస్ పోపుగారు. పాపం, హెర్జల్ అదంతా డైరీలో రాసుకున్నాడు.

2000 మార్చి 26, ఆదివారం. ఫిరంగిపురంలో అమ్మమ్మ ఇల్లు. మావయ్య డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతుంటే, 'వచ్చింది, వచ్చింది' అని నేను కింద నుంచి అరుస్తున్నాను. తెరమీద రెండవ జాన్ పాల్ పోపుగారు చేతికర్రతో ఒక్కో అడుగూ వేసుకుంటూ యూదులకి పవిత్రమైన యెరూషలేము పశ్చిమ గోడ దగ్గరికి వెళ్లి, వణికే చేత్తో రాళ్ల సందులో చీటీ పెట్టారు. అమ్మమ్మ జపమాల ఆపేసి "ఏం రాశార్రా?" అంది. మర్నాడు మావయ్యే పేపర్లో చూసి చదివాడు: దేవా, నీ బిడ్డలను బాధపెట్టినవాళ్ల ప్రవర్తనకు దుఃఖిస్తున్నాం, నిన్ను క్షమాపణ వేడుకుంటున్నాం అని. కింద యెరూషలేము అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టారు. అది చదువుతుంటే మావయ్య గొంతు పూడుకుపోయింది. నేను చూశాను.

ఇదంతా రాస్తుంటే కోపం తగ్గుతోంది. పేరు పలకని ఆ ఆరవ పౌలు హయాంలోనే, 1965 అక్టోబరులో, క్రీస్తు మరణానికి యూదులందరినీ నిందించకూడదని వాటికన్ మహాసభ ప్రకటించింది. 1973లో అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మేయర్‌ని ఆయన వాటికన్‌లో కలిసి మాట్లాడారు. ఇజ్రాయెల్‌ని గుర్తించకుండా అన్నాళ్లు ఆగడానికి కారణాలూ ఉన్నాయి. యెరూషలేము ఎవరిదన్న పేచీ, ఇళ్లు పోగొట్టుకున్న పాలస్తీనీయుల గోడు, అరబ్బు దేశాల్లోని మన క్రైస్తవులకి ఏమవుతుందోనన్న భయం. చివరికి 1993 డిసెంబరు 30న యెరూషలేములోనే వాటికన్‌కీ ఇజ్రాయెల్‌కీ మధ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి, మరుసటి ఏడాది రాయబారులు వచ్చారు. మావయ్యకీ ఇంట్లో ఎవరి భయం ఉందో. అయినా గడప తొక్కాడు కదా.

కానీ 2014లో ఫ్రాన్సిస్ పోపుగారు హెర్జల్ సమాధి మీద పుష్పగుచ్ఛం ఉంచారు. ఒక పోపు అలా చేయడం అదే మొదటిసారి. 110 ఏళ్లు పట్టింది. పయస్‌గారిని కలిసి ఆరు నెలలు తిరక్కుండానే హెర్జల్ పోయాడు. మావయ్యకి డెబ్బై దాటాయి.

పెళ్లి గురువారం. చీర తీసి ఇస్త్రీకి పక్కన పెట్టాను. కవరు మీద నా పేరు నేనే రాసుకుందామని పెన్ను కూడా తీశాను. మళ్లీ పెట్టేశాను. అది మావయ్యే రాయాలి.