సిమెంటు పూత వెనకాల

ఈ వారమంతా ఒక పాత వాణిజ్య భవనం మరమ్మతు దగ్గరే గడిచింది. ముందువైపు రేకు బోర్డు ఊడదీస్తే వెనకాల చెక్క కిటికీలు, వాటిపైన ఇటుక ఆర్చీలు బయటపడ్డాయి. ఎన్నేళ్లుగా దాక్కున్నాయో పాపం! అందరం పని ఆపేసి అలా చూస్తూ నిలబడిపోయాం.

ఆ సంబరం మధ్యాహ్నం దాకానే. కింది గోడకి ఎవరో, గట్టిగా ఉంటుందని కాబోలు, సిమెంటు పూత వేయించారు. గోడేమో సున్నంతో కట్టింది. సున్నమైతే తేమని బయటికి వదిలేస్తుంది, సిమెంటు అంత తేలిగ్గా వదలదు. చెమ్మంతా ఇటుకలోనే ఉండిపోయింది. గోటితో గీకితే ఎర్రటి పొడి రాలింది. మంచి చేద్దామనే చేసుంటారు లెండి.

అసలు చిక్కు పై అంతస్తుది. కింద ఎవరో ఒకరు అద్దెకొస్తారు, పైన ఖాళీ. కప్పు కారినా చూసే దిక్కుండదు. అమెరికాలో 1977లో గేల్స్‌బర్గ్, మాడిసన్, హాట్ స్ప్రింగ్స్ పట్టణాల్లో పాత బజారు వీధులకి మళ్లీ ప్రాణం పోసే మెయిన్ స్ట్రీట్ ప్రయోగం మొదలైనప్పుడు భవనాలకి రంగులేసి ఊరుకోలేదు, వ్యాపారాలు నిలబెట్టడమూ అందులో భాగమే. మా ఓనరుగారు మాత్రం ఇంకా రంగు దగ్గరే ఉన్నారు. పైకి మెట్లు ఎటునుంచి పెట్టాలో రేపు మళ్లీ వాదించుకోవాలి.